పెద్దాయన పళ్ళు

పెద్దాయన వస్తున్నాడన్న సంగతి వదినకి అందరికన్నా ఆఖరున తెలిసింది. అదీ మరిది నోరు జారబట్టి. అతని నోట్లో నువ్వుగింజ నానదు.

"హమ్మయ్య, ఇక నీ గొంతుకి విశ్రాంతి వదినా," అన్నాడు డ్రమ్ము తోలు బిగిస్తూ. "పెద్ద పాట పెద్దాయనే పాడతాడుగా."

ఆమె కీబోర్డు వెనక మోకాళ్ళ మీద కూర్చుని వైర్ల చిక్కు విప్పుతోంది. "ఏ పెద్దాయన?" అంది.

మరిది చెయ్యి ఆగిపోయింది. అన్న వైపు చూశాడు. అన్న గిటార్ తీగ మారుస్తూ తలెత్తలేదు.

"చెబుదామనే అనుకున్నా," అన్నాడు ఆమె భర్త. "పోస్టరు వచ్చాక చూపిద్దామని ఆగాను."

బృందంలో అందరికీ ఆమె వదినే. మరిది అలా పిలవడంలో న్యాయముంది. ఫ్లూటు ఊదే లెక్కల మాస్టారు, బేసు గిటార్ వాయించే రంగుల షాపతను కూడా ఆ పిలుపే పట్టుకున్నారు. ఒకసారి వేదిక మీద అందర్నీ పరిచయం చేస్తూ భర్త కూడా పొరపాటున "కీబోర్డు, గాత్రం... మా వదిన" అనేశాడు. నెల్లాళ్ళపాటు తమ్ముడు అతన్ని వదిలిపెట్టలేదు.

వాళ్ళు వాయించేవన్నీ యాభై ఏళ్ళ కిందటి ఇటలీ రాక్ పాటలు. చర్చిలో మోగినట్టు ఆర్గన్, దాని చంకలోంచి సన్నగా ఫ్లూటు, ఉన్నట్టుండి తుఫాను, మళ్ళీ ఎవరో తలుపేసినట్టు నిశ్శబ్దం. రికార్డుకి ఒక పక్కంతా ఒక్కటే పాట ఉంటే దాన్ని వీళ్ళు పెద్ద పాట అంటారు. ఇలాంటి పాటలనే పట్టుకుని వేలాడే కొత్త బృందాలు దేశదేశాల్లో ఉన్నాయి. ఒకళ్ళవి ఒకళ్ళు ఇంటర్నెట్‌లో విని తప్పులు పడతారు. తప్పంటే రికార్డులో ఉన్నట్టు లేకపోవడం. భర్తకైతే రికార్డు వేదం. పాడినవాడు ఊపిరి ఎక్కడ పీలిస్తే వదిన కూడా అక్కడే పీల్చాలి. ఆమె అలాగే నేర్చుకుంది. అర్థం తెలియని భాషలో, మరొకరి ఊపిరితో, ఆ పాటని ఒళ్ళంతా పట్టించుకుంది. పాడినాయనదీ ఆడగొంతో మగగొంతో తేలని గొంతు. ఆయనదీ ఆమెదీ పక్కపక్కన పెడితే పెంపకంలో తేడా తప్ప పుట్టుకలో తేడా లేదనేవాడు మరిది.

పోస్టరు ఆ సాయంత్రమే వచ్చింది. దాన్నిండా భుజాల దాకా జుట్టున్న కుర్రాడి మొహం, పెద్దాయన వయసులో ఉన్నప్పటిది. కింద సన్న అక్షరాల్లో బృందం పేరు.

"ఇందులో నేనెక్కడున్నాను?" అంది.

"అందరం ఉన్నాంగా. బృందమంటే అందరం కాదూ?" అన్నాడు భర్త. తర్వాత గొంతు తగ్గించి, "ఆ పాట పాడినవాడే వస్తానంటే నువ్వు పాడతానంటావా?"

"నేనేమన్నాను?"

"అనలేదులే. మొహం అంటోంది."

*

పెద్దాయన పోస్టరులో సగం కూడా లేడు. బట్టతల, తనది కానట్టున్న వదులు కోటు, చేతిలో చిన్న పెట్టె. పాటలు మానేశాక ఓడల్లో వంటవాడిగా తిరిగాడట. రేవుకి రెండు మాటల చొప్పున ఏరుకున్న భాషల్లో వీళ్ళదీ ఒకటి. గుమ్మంలో నిలబడి, "నేను తక్కువ మాట. మీరు నెమ్మది," అని చేతులు జోడించాడు. భర్త ఆయన పెట్టె అందుకుని, గుడ్లున్న బుట్ట మోసినట్టు రెండు చేతుల్తో లోపలికి మోసుకెళ్ళాడు.

వాద్యాలు పెట్టుకునే గదిలో మంచం వేశారు. పొద్దున్నే ఆయన వంటింట్లోకి వచ్చి, బల్ల మీదున్న యాపిల్‌పండు తీసి, కోటుకి తుడిచి, చాకు వెతక్కుండా ముందుపళ్ళతో కొరికాడు. వదిన టీ వడపోస్తూ చూసింది. ఆ పళ్ళు కట్టుడువని ఆమెకి మొదటి నవ్వులోనే తెలిసింది. ఆమె పనే అది. పళ్ళ డాక్టర్లు పంపే ప్లాస్టర్ అచ్చుల మీద మైనంతో చిగుళ్ళు కట్టి, వాటిలో ఒక్కో పన్నూ నిలబెడుతుంది. మొహాలు చూడకుండానే మనుషులకి నవ్వులు చేసి పంపుతుంది. ఈ పని చేసినవాడెవడో మంచి పనివాడే అనుకుంది. ముందుపన్ను ఒకదాన్ని కావాలనే వెంట్రుకవాసి వంకర పెట్టాడు, సొంత పన్నులా కనబడాలని.

సాయంత్రం రిహార్సల్‌కి షెడ్డులో అందరూ ఉతికిన చొక్కాలతో వచ్చారు. లెక్కల మాస్టారైతే షూ పాలిష్ కూడా చేసుకొచ్చాడు. వదిన కీబోర్డు మీద ఆర్గన్ మొదలుపెట్టింది. పెద్దాయన కళ్ళు మూసుకుని మైకు పట్టుకున్నాడు. మొదటి చరణం కింది స్వరాల్లో సాగింది. పాత తలుపులా కిర్రుమన్నా ఆ మనిషిదే ఆ గొంతు. భర్త కళ్ళల్లో నీళ్ళు తిరగడం ఆమె చూసింది. రెండో చరణంలో పాట మెట్లెక్కడం మొదలుపెట్టగానే ఆయన నోట్లోంచి "స్" అని ఈల వచ్చింది. దవడ కింద చెయ్యి పెట్టుకుని ఆగాడు.

"పళ్ళు," అన్నాడు. "వదులు. జారుతుంది."

మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ అక్కడే ఈల, అక్కడే చెయ్యి. మూడోసారి కూడా అంతే. అందరూ ఎవరి వాద్యం వంక వాళ్ళు చూసుకున్నారు.

"కాస్సేపు మీరు కూర్చోండి. ఇది పాడుతుంది, మీరు విని ఎక్కడైనా తేడా ఉంటే చెప్పండి," అన్నాడు భర్త.

వదిన పాడింది. మెట్ల చివర, అలవాటుగా, రికార్డులో ఉన్నట్టే ఎగశ్వాసలాంటి పెద్ద ఊపిరి తీసింది. పెద్దాయన ఫక్కున నవ్వాడు.

"అక్కడ ఎందుకు, హా... అని?"

"రికార్డులో ఉంది," అంది వదిన.

"ఆ రోజు నాకు జలుబు."

మరిది పుల్లలు కింద పడేసి మరీ నవ్వాడు. ఎన్నాళ్ళుగానో ఆమె ఆ మనిషి జలుబుని మోస్తోందన్నమాట. ఆమెకీ నవ్వొచ్చింది. భర్త నవ్వలేదు.

"జలుబైనా సరే," అన్నాడు. "రికార్డులో ఉంది కాబట్టి ఉండాలి."

ఇంటికి వెళ్ళేటప్పుడు పెద్దాయన వ్యాన్ ముందు సీట్లో కునుకు తీస్తుంటే మరిది వెనకనుంచి మెల్లగా, "ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పాడలేక పళ్ళు వదులంటున్నాడేమో అన్నయ్యా," అన్నాడు.

"నోరు ముయ్యి," అన్నాడు అన్న. తమ్ముడితో ఆ గొంతుతో మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు.

*

భర్త వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు. వదిన గిన్నెలు తుడుస్తోంది.

"నువ్వు చేసేది పళ్ళ పనేగా. రేపు ఆయన సెట్టు బిగించి పెట్టు."

"చూస్తాను."

"చూడటం కాదు. ఒకవేళ కుదరకపోతే..." అతను ఒక గిన్నె తీసుకుని, తుడిచిన దాన్నే మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. "ఆయన మైకు ముందు నిలబడి పెదాలు కదుపుతాడు. నువ్వు పెద్ద స్పీకర్ల వెనక నిలబడి పాడు. మీ ఇద్దరి గొంతూ ఒకటే. ఎవరికీ తెలియదు."

"ఆర్గన్ ఎవరు వాయిస్తారు?"

"ముందే రికార్డు చేసి పెడదాం."

ఆమె తుడిచే గుడ్డ సింకు అంచున పరిచింది. ముడతలు లేకుండా సరిచేసింది. "అంటే వేదిక మీద నేను అసలు ఉండను."

"ఉంటావు. వెనక ఉంటావు. పాట నీదేగా మరి."

"పాట నాది, నోరు ఆయనది."

"ఆ నోరే లేకపోతే ఈ పాటే లేదు," అన్నాడు భర్త. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నాకు పదహారేళ్ళప్పుడు ఆ రికార్డు దొరక్కపోతే నేను ఏమయ్యేవాణ్ణో నీకు తెలియదు. ఆ మనిషి మా ఇంట్లో నిద్రపోతున్నాడు. జనం ఎదుట ఆయన పరువు తియ్యమంటావా?"

ఆమెకి కోపం రావాల్సింది. వచ్చింది కూడా. కానీ అతను అబద్ధం చెప్పడం లేదు. అందుకే ఆ కోపాన్ని మింగలేక, కక్కలేక, గిన్నెలన్నీ అలమరలో పెట్టి దీపం ఆర్పింది.

*

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ, ల్యాబులో అందరూ బయటికి వెళ్ళాక, ఆమె పెద్దాయన్ని లోపలికి తీసుకెళ్ళింది. వరసగా పేర్చిన ప్లాస్టర్ దవడల్ని ఆయన కాస్త బెదురుగా చూశాడు. స్టూలు మీద కూర్చుని కాళ్ళు దగ్గరగా పెట్టుకున్నాడు.

"తీసి ఇవ్వండి," అంది.

ఆయన అటు తిరిగి తీశాడు. తీయడానికి చాలాసేపు పట్టింది. బుగ్గలోకి వేలు పోనిచ్చి, అంచు లేపితే గానీ ఊడలేదు. ఊడినప్పుడు సీసా బిరడా తీసినంత చప్పుడైంది. ఆ చప్పుడు విన్నప్పుడే ఆమెకి అనుమానం వచ్చింది. అయినా పని పనే. సెట్టు కడిగి ఆరబెట్టి, లోపలి వైపు తెల్లటి పేస్టు కుంచెతో పలచగా రాసింది. ఎక్కడ తగలకపోతే అక్కడ పేస్టు దళసరిగా మిగలాలి.

"పెట్టుకుని గట్టిగా నొక్కండి. ఇప్పుడు తీయండి."

తీసిన సెట్టుని దీపం కింద తిప్పి చూసింది. పేస్టు అంతటా ఒకే తీరున, అన్నం వార్చిన గంజిపొరంత పలచగా పరుచుకుని ఉంది. ఎక్కడా గడ్డకట్టలేదు. గోడకి బల్లి అంటుకున్నట్టు అంటుకునే సెట్టు అది. దానితో యాపిల్‌పండు కొరకొచ్చు, తాడు తెంపొచ్చు. దాన్ని వదులు చేయాలంటే నాలుకతో లోపల్నించి నెట్టాలి. అది కూడా బలంగా.

ఆమె ఆయన వైపు చూసింది. పళ్ళు లేని నోరు లోపలికి పోయి, మొహం సగానికి మడిచినట్టుంది.

"మంచి పళ్ళు," అన్నాడు ఆయన, తప్పు పట్టుబడ్డ పిల్లాడిలా. "మంచి డాక్టరు." తర్వాత గొంతు మీద రెండు వేళ్ళు పెట్టుకున్నాడు. "ఇది లేదు."

"మరెందుకు వస్తానన్నారు?"

"చాలా ఏళ్ళు ఎవరూ పిలవలేదు. మీ ఆయన ఫోన్‌లో ఏడ్చాడు. నేను... అవును అన్నాను. తర్వాత స్నానాల గదిలో పాడి చూశాను." చేత్తో గాలిలో ఏదో జారిపోయినట్టు చూపించాడు. "పళ్ళు వదులు అంటే నవ్వుతారు, పాపం అంటారు. గొంతు లేదు అంటే... ఆయన మొహం నేను చూడలేను. మీరు చెప్పొద్దు. వదులు అని చెప్పండి."

"వదులంటే మిమ్మల్ని మైకు ముందు నిలబెట్టి పెదాలు కదపమంటారు. నేను వెనక దాక్కుని పాడతాను."

అది ఆయనకి తెలియదు. అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక తల వంచుకుని చేతులు చూసుకున్నాడు. "అదొకటా," అన్నట్టు గొణిగాడు తన భాషలో.

వీధిలో ఎవరో బండి స్టార్టు చేస్తున్నారు, అది అందుకోవడం లేదు. వదిన సెట్టుని అరచేతిలో తిప్పుతోంది. ఇలాంటివి ఎక్కడ విరుగుతాయో ఆమెకి తెలుసు. ముందుపళ్ళు రెండింటి మధ్య నుంచి, నిలువునా. జారి సింకులో పడితే చాలు. ఇన్నేళ్ళలో ఆమె చేతిలోంచి ఒక్కటీ జారలేదు.

"ఇది విరిగితే," అంది, "మీరు నోరు తెరిచి వేదిక ఎక్కలేరు. పాడటానికీ కుదరదు, పెదాలు కదపడానికీ కుదరదు."

ఆయన తలెత్తాడు. చాలాసేపు ఆమెని చూశాడు. తర్వాత స్టూలు మీద నెమ్మదిగా తిరిగి, కిటికీకేసి మొహం పెట్టి కూర్చున్నాడు.

ఆమె రెండు బొటనవేళ్ళు లోపలి వైపు ఆనించి, మిగతా వేళ్ళు బయటి నుంచి పట్టి వంచింది. గట్టి బిస్కెట్టు విరిగినంత చప్పుడు. ఆ చప్పుడు వినగానే పెద్ద పాట మొదటి మాట దానంతటది వచ్చి గొంతులో కూర్చుంది. ఆమెకి ఒళ్ళు చల్లబడింది.

*

"విరిగిందా?" అన్నాడు భర్త. "నీ చేతిలోనా?"

"సింకులో పడింది. కొత్తది చేయాలంటే వారం పడుతుంది."

పెద్దాయన బల్ల దగ్గర రొట్టె పాలల్లో ముంచుకుని తింటున్నాడు. తలెత్తలేదు. భర్త ఆయన్నీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. "సరే," అన్నాడు. "ఆయన ముందు వరసలో కూర్చుంటారు. నువ్వే పాడు." ఆ "సరే"లో ఒప్పుకోలు లేదు. పొద్దుపోయేదాకా గిటార్ తీగలు సరిచేస్తూనే ఉన్నాడు.

కచేరీ రోజు మధ్యాహ్నం అతను బయటికి వెళ్ళి, ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా పట్టుకొచ్చి వంటింటి బల్ల మీద ఆమె ముందు పెట్టాడు. లోపల సెట్టు ఉంది. మధ్యలో అతుకు గీత కూడా కనబడటం లేదు. ల్యాబు యజమాని పని అంత నున్నగా ఉంటుంది.

"గంటలో అయిపోయే పనట," అన్నాడు. "నీ బల్ల మీద ట్రేలో చూసి అతనే అతికేశాడు. వారమని ఎవరు చెప్పారండీ అని నన్నే అడిగాడు."

మరిది గుమ్మంలో తాళాలు పట్టుకుని నిలబడ్డాడు. వ్యాన్‌లో సామాను ఎక్కించి వచ్చాడు.

"ఒక్క కచేరీ," అన్నాడు భర్త. "ఒక్క సాయంత్రం ఆయనకి వదిలెయ్యలేకపోయావు. ఇన్నాళ్ళు కాపురం చేసి నీలో ఇంత కుళ్ళుందని నాకు తెలియదు."

"అన్నయ్యా," అన్నాడు మరిది.

"నువ్వుండరా. ఏం, మాట్లాడవేం? కావాలనే విరిచావా, లేదా?"

"విరిచాను," అంది వదిన.

"చూశావా. సరే, ఇప్పుడు ఆయన పళ్ళు ఆయనకున్నాయి. నువ్వు స్పీకర్ల వెనక."

ఒక్క మాట చెబితే చాలు, కానీ అది పక్కగదిలో నిద్రపోతున్న మనిషి మాట. ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

పక్కగది తలుపు తెరుచుకుంది. పెద్దాయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. డబ్బా చూశాడు. దాన్ని ముట్టుకోకుండా కుర్చీ లాగి భర్త వైపు జరిపాడు. "కూర్చో," అన్నాడు. భర్త కూర్చున్నాడు. ఆయన వంటింటి మధ్యలో నిలబడి, చేతులు పక్కన వదిలేసి, రెండో చరణం ఎత్తుకున్నాడు. పళ్ళు లేవు కాబట్టి ఈల లేదు. మెట్ల దగ్గరికి రాగానే గొంతు చీలింది. ఆయన ఆగలేదు, చెయ్యి దవడకి పోనివ్వలేదు. పైన ఉండాల్సిన స్వరం దగ్గర వట్టి గాలి వచ్చింది. పొయ్యి అంటుకోనప్పుడు వచ్చే గాలిలా. ఆ గాలితోనే చివరి దాకా పాడాడు.

"పళ్ళు ఎప్పుడూ వదులు కాదు," అన్నాడు. "ఆమె చూసింది. నేను చెప్పొద్దన్నాను."

భర్త కుర్చీలోంచి లేవలేదు. డబ్బా మూత తీశాడు, పెట్టాడు. మళ్ళీ తీశాడు. చివరికి లేచి మొహం కడుక్కోవడానికి వెళ్ళి, కుళాయి తిప్పి, చాలాసేపు అక్కడే ఉండిపోయాడు.

*

హాలు వెనక గదిలో మరిది ఆమెకి మంచినీళ్ళ సీసా అందించాడు. "నీది వెన్నలాంటి మనసు వదినా. ఆయన పరువు కోసం అన్ని మాటలు పడి కూడా పెదవి విప్పలేదు. నేనైతేనా, ఆ క్షణంలోనే కక్కేద్దును."

"నీ సంగతి తెలిసిందేగా," అంది. అతను నవ్వుకుంటూ వెళ్ళాడు. ఆ వెన్న అన్న మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది. కుళ్ళు అన్నప్పుడు కూడా ఇంతగా గుచ్చుకోలేదు.

పెద్దాయన గోడవారగా కూర్చున్నాడు. పళ్ళు పెట్టుకున్నాడు, కోటు వేసుకున్నాడు. ఆమెని దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"నా కోసం విరిచావా?"

ఆమె అవుననబోయింది. అది సగం నిజమే. "కొంచెం," అంది. "ఎక్కువ నా కోసమే. పాట కావాలనిపించింది."

ఆయన భుజాలు ఒక్కసారిగా దిగాయి. వచ్చిన రోజు నుంచీ అవి అంత ఎత్తులో ఉన్నాయని ఆమెకి ఇప్పుడే తెలిసింది. "మంచిది," అన్నాడు. "నా కోసం అయితే నేను మోయాలి. జాలి చాలా బరువు. ముసలివాణ్ణి." మోకాలి మీద చెయ్యి పెట్టి లేచి, ముందు వరసలో తన కుర్చీ వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు.

భర్త గిటార్ తగిలించుకుని వచ్చాడు. ఆమె మొహంలోకి చూడకుండా, "జనం పోస్టరు చూసి వచ్చారు," అన్నాడు. "ఆయన పాడడం లేదని ఏం చెప్పాలి?"

"పళ్ళు విరిగాయని చెప్పు."

"ఎలా విరిగాయంటే?"

"నేను విరగ్గొట్టానని చెప్పు. అది అబద్ధం కాదుగా."

అతను అప్పుడు చూశాడు. తీగలు ఒకసారి మీటి సరిచూసుకుని వేదిక ఎక్కాడు.

అలాగే చెప్పాడు. మైకులో, తడబడుతూ, పెద్దాయన కట్టుడు పళ్ళు బాగుచేయబోయి మా ఆవిడ విరగ్గొట్టింది, పళ్ళు అతికాయి కానీ ఆయన ఈ పూట పాడలేరు, క్షమించాలి, పాట ఆవిడే పాడుతుంది అన్నాడు. హాల్లో మూలుగులాంటి శబ్దం లేచింది. వెనకనుంచి ఎవరో ఈల వేశారు. ముందు వరసలో ఒకావిడ పక్కనున్న మనిషి చెవిలో ఏదో చెప్పి ఆమెని వేలెత్తి చూపించింది. ఇద్దరు ముగ్గురు లేచి కోట్లు తీసుకుంటున్నారు.

వదిన ఆర్గన్ ముందుకొచ్చి నిలబడింది. దీపాల వేడి మొహానికి తగిలింది. మైకు ఇంకా పెద్దాయన ఎత్తుకే ఉంది. మర తిప్పి తన నోటి దాకా దింపుకుంది. మరిది పుల్లలెత్తి మొదలుపెట్టమని ఆమె ఎప్పుడు తల ఊపుతుందా అని చూస్తున్నాడు. భర్త కూడా చూస్తున్నాడు. ఆమె వెళ్ళిపోతున్నవాళ్ళ వైపే చూస్తూ తల ఊపింది.